అక్కకు తెలియని సంగతి: పొదిలి వైపు ఒక హైస్కూల్లో ఫోన్ మీద సాగిన స్పోకెన్ ఇంగ్లీష్

నేను నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ చెబుతాను. ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్ బాధ్యత కూడా నాదే. 2023 జులై నుంచి 2025 ఏప్రిల్ దాకా మా కాలేజీ పిల్లలు ప్రకాశం జిల్లాలో పొదిలి నుంచి లోపలికి వెళ్లే ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకు ఇంగ్లీష్ మాట్లాడటం నేర్పారు. మా వాళ్లు నెల్లూరులో, పిల్లలు అక్కడ, మధ్యలో ఫోను. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే లెక్చరర్లు, టీచర్లు ఎలా చేశారని అడుగుతున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి వాళ్ల పేర్లు, ఊరి పేరు రాయడం లేదు.

బడి, ఊరు, మేము

ఆ బళ్లో ఇంగ్లీష్ సారు నాకు బీఈడీలో సీనియర్. ఒకసారి ఫోన్‌లో అన్నారు: "అమ్మా, మా పిల్లలు వ్యాసం బట్టీ పట్టి రాస్తారు, గ్రామర్ బిట్లు పెడతారు. నిన్న ఏం తిన్నావురా అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం తలకాయ దించుకుంటారు."

సైన్సు, సోషల్ పుస్తకాలు ద్విభాషా పుస్తకాలు. ఒక పేజీలో ఇంగ్లీష్, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుంటారు, ఇంగ్లీష్ పేజీలోంచి జవాబు గుర్తుపెట్టుకుని రాస్తారు. నా దృష్టిలో అది మంచి ఏర్పాటే, ముందు అర్థం కావాలి కదా. కానీ నోటికి ఎక్కడా పని లేదు. రోజు మొత్తంలో పిల్లల నోటి నుంచి వచ్చే ఇంగ్లీష్ నాలుగు ముక్కలు: మే ఐ కమిన్ సార్, ప్రెజెంట్ సార్, ఎస్ సార్, థాంక్యూ సార్.

ఆ నేల వానను, బోర్లను నమ్ముకున్న నేల. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న నేల. కంది, పొగాకు, కాస్త మిరప, గొర్రెలు. చేలల్లో పని లేనప్పుడు తల్లిదండ్రులు గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు పోతారు, కొందరు హైదరాబాదులో తాపీ పనికి పోతారు. ఈ సంగతులన్నీ నాకు మొదట్లో 'నేపథ్యం' అనిపించాయి, రిపోర్టులో మొదటి పేరాలో రాసి వదిలేసే రకం. ఆ తర్వాత మా పాఠాలన్నీ వీటిలోంచే వచ్చాయి.

మా వైపు నుంచి మొదట 22 మంది పేర్లు ఇచ్చారు. ఎన్.ఎస్.ఎస్.లో ఏడాదికి 120 గంటల సేవ ఉండాలి, పైగా మా దగ్గర డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. కాబట్టి సగం మంది సర్టిఫికెట్ కోసమే వచ్చారు. దాన్ని నేను తప్పు పట్టను. సర్టిఫికెట్ కోసం వచ్చి రెండేళ్లు నిలబడిన వాళ్లున్నారు, సేవ అంటూ వచ్చి రెండో వారమే ఫోన్ ఎత్తని వాళ్లూ ఉన్నారు. నెల తిరిగేసరికి 14 మంది మిగిలారు. ఎక్కువ మంది కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం, సూళ్లూరుపేట వైపు పల్లెల నుంచి వచ్చిన వాళ్లే. సగం మంది పదో తరగతి దాకా తెలుగు మీడియం.

రాత్రి ఏడింటి క్లాసు

మొదటి ప్లాను చాలా తేలిగ్గా వేసుకున్నాం. సాయంత్రం ఏడింటికి పిల్లలు ఇంట్లో ఫోన్ తీసుకుంటారు, లింకు నొక్కుతారు, గూగుల్ మీట్‌లో క్లాసు జరుగుతుంది. 34 మంది పిల్లల పేర్లు రాసుకున్నాం. మొదటి రోజు 11 మంది వచ్చారు. మూడో వారానికి నలుగురు.

ఫోన్ నాయన దగ్గర ఉంటుంది. నాయన పనిలోంచి తొమ్మిదికి వస్తాడు. ఒకవేళ ముందే వచ్చినా ఆ రోజు డేటా సాయంత్రానికే అయిపోయి ఉంటుంది. ఒకే ఫోను, ఇంట్లో ముగ్గురు పిల్లలు. సిగ్నల్ మిద్దె ఎక్కితేనే వస్తుంది, మిద్దె మీద చీకటి. తొమ్మిదో తరగతి పిల్లలకు ముందు ఏడాది ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్‌లు ఉన్నాయి కదా అనుకున్నాం. వాటిలో పాఠాల యాప్ తప్ప వేరే యాప్ ఎక్కించడానికి వీల్లేదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేని మాట ఒక తల్లి చెప్పింది. నేనే ఫోన్ చేసి, పాప ఎందుకు రావడం లేదమ్మా అని అడిగాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీరు మంచోళ్లే మేడమ్. కానీ రాత్రిపూట మగపిల్లోళ్లు ఆడపిల్లకు ఫోన్ చేస్తా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు? మా ఆయనకు నేను ఏం చెప్పాల?" అంది.

ఆమె అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. పిల్లల రక్షణ గురించి ముందే కూర్చుని ఆలోచించాల్సింది నేను. ఆలోచించలేదు. ఆ వారమే ఇంటి క్లాసులు ఆపేశాం. అప్పటి నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాం, రెండేళ్లలో ఒక్కసారి కూడా వాటిని సడలించలేదు. పిల్లల నంబరు వాలంటీరుకు ఇవ్వం, వాలంటీరు నంబరు పిల్లలకు ఇవ్వం. ఒక్క పిల్లతో ఒక్క వాలంటీరు మాట్లాడే క్లాసు ఉండదు. బడి ఆవరణలో, టీచరు కనిపించేంత దూరంలో, బడి వేళల్లోనే క్లాసు. ప్రతి క్లాసూ తల్లిదండ్రుల సంతకంతో రికార్డు అవుతుంది. ఎవరైనా ఈ పని మొదలుపెడితే యాప్ ఏది, సిలబస్ ఏది అని చూసుకునే ముందు ఈ నాలుగూ రాసుకోండి.

స్టీలు గ్లాసు

హెడ్మాస్టర్ గారు, ఎంఈవో గారు ఒప్పుకుని మంగళ, శుక్రవారాల్లో చివరి పీరియడ్ ఇచ్చారు. పదో తరగతి వాళ్లను కలపలేదు, వాళ్లకు పరీక్షల టెన్షన్ చాలు. బళ్లో పెద్ద టచ్ ప్యానెల్ ఒకటి ఉంది. దాని మీద అందరినీ కూర్చోబెట్టి ఒక వాలంటీరును చూపిస్తే బాగుంటుందని అందరూ అన్నారు. రెండుసార్లు చేశాం. చూడటానికి చాలా బాగుంది, ఫొటోలు కూడా బాగా వచ్చాయి. 34 మంది పిల్లలు టీవీ చూసినట్టు చూశారు. ఒక్కరూ మాట్లాడలేదు.

అప్పుడు ఐదుగురికి ఒక ఫోన్ అనుకున్నాం. మా స్టాఫ్ ఇళ్లలో బీరువాల్లో పడి ఉన్న పాత ఫోన్లు నాలుగు దొరికాయి, మిగతా మూడు ఆ బడి టీచర్లు ఇచ్చారు. రీఛార్జి డబ్బులు స్టాఫ్ అందరం వేసుకున్నాం. ఏడు గుంపులు, గుంపుకు ఇద్దరు వాలంటీర్లు. ఒకరికి పరీక్ష వస్తే ఇంకొకరు. ఒకే గదిలో ఏడు ఫోన్లు పెడితే గోల, కాబట్టి ఒక గుంపు వేపచెట్టు కింద, ఒకటి భోజనాల షెడ్డులో, ఒకటి వరండాలో, ఇలా చెదరగొట్టాం. వీడియో తీసేశాం. వీడియో ఉంటే డేటా మింగేస్తుంది, మాట తెగిపోతుంది. పైగా ముఖం కనపడకపోతే ఈ పిల్లలకు సిగ్గు సగం తగ్గింది.

పాత ఫోన్ల స్పీకర్లు చాలా చిన్నగా పలికేవి. ఐదు తలకాయలు ఫోన్ మీదికి వంగి ఒకదానికొకటి కొట్టుకునేవి. ఒక శుక్రవారం భోజనాల షెడ్డు గుంపులో ఒక అబ్బాయి మధ్యాహ్న భోజనం గ్లాసు కడుక్కుని తెచ్చి ఫోన్ అందులో నిలబెట్టాడు. గొంతు గణగణా పైకి లేచింది. ఆ సాయంత్రానికి ఏడు గుంపుల దగ్గరా ఏడు స్టీలు గ్లాసులు. రెండేళ్లూ అవే మా సౌండ్ సిస్టమ్.

నాలుగు నిమిషాలు

ఇంత చేశాక క్లాసులు సాఫీగా నడిచాయి. హాజరు బాగుంది, వాలంటీర్లు టైముకు వస్తున్నారు. నెల తర్వాత రికార్డింగులు తెచ్చుకుని, వాచీ పక్కన పెట్టుకుని విన్నాను. 35 నిమిషాల క్లాసులో పిల్లలు ఐదుగురూ కలిసి మాట్లాడింది చాలా గుంపుల్లో నాలుగు నిమిషాలు దాటలేదు. అందులోనూ ఎక్కువ భాగం అందరూ ఒకే గొంతుతో "ఎస్ అక్కా". ఇంగ్లీష్ అందరికంటే గడగడా మాట్లాడే మా బీకాం అబ్బాయి గుంపులో అది ఇంకా తక్కువ. పిల్లలు జవాబు చెప్పే లోపే అతనే చెప్పేసేవాడు. పాపం, వాళ్లు ఇబ్బంది పడకూడదనే.

వాళ్లకు నేనిచ్చిన పాఠాలు అలాంటివి. సెల్ఫ్ ఇంట్రడక్షన్, మై స్కూల్, మై విలేజ్, మై ఫ్యామిలీ. అడిగే వాళ్లకు జవాబు ముందే తెలుసు, చెప్పే వాళ్లకు జవాబు బట్టీ వచ్చు. రెండు వైపులా ఎవరికీ వినాల్సిన పని లేదు.

హెడ్ ఈజ్ రౌండింగ్

2024 జనవరి, సంక్రాంతి సెలవులు అయ్యాక. వేపచెట్టు గుంపుకు ఆ రోజు సూళ్లూరుపేట వైపు అమ్మాయి, బీఎస్సీ రెండో ఏడాది. పాఠం మై ఫ్యామిలీ. వాట్ డజ్ యువర్ మదర్ డూ అని వరుసగా అడుగుతోంది. ఐదుగురూ ఒకే జవాబు: "మై మదర్ ఈజ్ హౌస్‌వైఫ్." ఐదుగురి తల్లులూ తెల్లారకముందే చేలోకి పోయే వాళ్లే. పుస్తకంలో తల్లి హౌస్‌వైఫ్ కాబట్టి వీళ్ల అమ్మలు కూడా హౌస్‌వైఫ్‌లు అయిపోయారు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె జవాబు చెప్పేసి, పక్క పిల్లతో తెలుగులో ఏదో గొణిగింది. అక్కకు సగమే వినపడింది. "వాట్? యువర్ మదర్ వాట్?" అంది. చాలాసేపు చప్పుడు లేదు, వెనక కాకి అరుపులు వినిపిస్తాయి రికార్డింగులో. తర్వాత ఆ పిల్ల గొంతు:

"మై మదర్ హెడ్ ఈజ్ రౌండింగ్ అక్కా."

"హెడ్? ఫీవర్?"

"నో ఫీవర్. టొబాకో."

"యువర్ మదర్ స్మోక్స్?"

ఒక్కసారిగా ఐదుగురూ అరిచారు. "నో అక్కా! నాట్ స్మోకింగ్! లీఫ్! లీఫ్ అక్కా! వెట్ లీఫ్!"

మా అమ్మాయిది పులికాట్ సరస్సు పక్క ఊరు. వరి తెలుసు, చేపలు తెలుసు, పొగాకు చెట్టు జన్మలో చూడలేదు. నిజంగా తెలియక అడుగుతోంది: ఆకుకూ తల తిరగడానికీ సంబంధం ఏమిటి? ఇక ఆ పిల్లలు ఆగలేదు. పొద్దున ఆకు మంచుకు తడిసి ఉంటుంది. అది కోసి తెచ్చి కర్రలకు అల్లుతారు. చేతులకు జిగురు అంటుకుని నల్లగా అవుతుంది, "సోప్ నాట్ గోయింగ్ అక్కా". ఆ కర్రలు ఆకును వేడితో ఆరబెట్టే గది, అంటే బ్యారన్‌లో వేలాడదీస్తారు. "ఫైవ్ డేస్ సిక్స్ డేస్ ఫైర్, నైట్ ఆల్సో ఫైర్, మై ఫాదర్ నో స్లీప్." ఆకు పచ్చది "ఎల్లో కమింగ్". ఒకడికి మాట దొరక్కపోతే ఇంకొకడు అందిస్తున్నాడు. ఒకరి తప్పు ఒకరు దిద్దుతున్నారు, "ఫైర్ నాట్ ఆన్ లీఫ్ రా, పైప్, పైప్" అని. పదకొండు నిమిషాలు ఏకబిగిన సాగింది. వ్యాకరణం దారిన పోయింది. కానీ సూళ్లూరుపేట అమ్మాయికి పొగాకు బ్యారన్ ఎలా పని చేస్తుందో అర్థమైంది, ఇంగ్లీషులో.

రాత్రి ఆమె నాకు ఫోన్ చేసింది. "మేడమ్, తప్పులు ఒక్కటీ దిద్దలేదు. దిద్దితే ఆగిపోతారని భయమేసింది." నేను ఆ రికార్డింగు మూడుసార్లు విన్నాను.

తర్వాత ఇద్దరం కూర్చుని ఆ తల తిరగడం గురించి చదివాం. తడి పొగాకు ఆకు పట్టుకున్నప్పుడు నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. తల తిరుగుడు, వాంతులు, తలనొప్పి దానివల్లే. ఇంగ్లీషులో దానికి గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అనే పేరుంది. తరువాతి మంగళవారం అక్క ఆ సంగతి పిల్లలకు చెప్పింది: మంచు ఆరాక ఆకు ముట్టుకోవాలి, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గ్లౌజులు వేసుకోవాలి, పని అవగానే సబ్బుతో కడుక్కోవాలి. వారం తర్వాత ఆ పిల్ల వచ్చి చెప్పిన మాట: "నౌ మై మదర్ వేర్ మై ఫాదర్ షర్ట్."

తెలియనిదే అడగాలి

ఆ క్లాసు తర్వాత సిలబస్ మొత్తం పక్కన పెట్టాం. ఒకే షరతు పెట్టుకున్నాం: వాలంటీరు తనకు నిజంగా తెలియని సంగతే అడగాలి. ఆంధ్రప్రదేశ్ రాజధాని ఏది, వారానికి ఎన్ని రోజులు లాంటి ప్రశ్నలు బంద్. తర్వాతి క్లాసు తిరగబడుతుంది. ఈసారి పిల్లలకు తెలియని సంగతి అక్క దగ్గర ఉంటుంది, వాళ్లు ప్రశ్నలు వేసి రాబట్టాలి.

గుంపుల్ని కూడా మార్చేశాం. డెల్టా వైపు వాళ్లనే పిల్లలకు జత చేశాం, ఎందుకంటే వాళ్లకు మెట్ట పైర్లు తెలియవు. ఉదయగిరి నుంచి వచ్చిన మా అబ్బాయి ఒకతను చాలా బాగా నేర్పుతాడు, కానీ అతని ఊరూ ఇలాంటిదే. గొర్రెల గురించి అడిగితే పిల్లలు "అన్నా, నీకు తెలుసు కదా" అని తెలుగులోకి దిగిపోయేవారు. అతనికి వేరే పని దొరికింది, కింద చెబుతాను.

ఈ పద్ధతి వల్ల ఊహించనిది ఒకటి జరిగింది. పిల్లలు ప్రశ్నలు వేయడం నేర్చుకున్నారు. మన బళ్లలో పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్పడమైనా చూస్తాం, ప్రశ్న వేయడం చూడం. నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయని, చలికాలంలో పులికాట్‌లోకి ఫ్లెమింగోలు వస్తాయని అక్క చెప్పినప్పుడు వచ్చిన ప్రశ్నలు రాసిపెట్టుకున్నాను. "బర్డ్ కమింగ్ వై? దేర్ నో వాటర్?" "హూ ఈజ్ గివింగ్ ఫుడ్?" "యూ ఈట్ దట్ బర్డ్ అక్కా?" ఇంకోసారి మా వాలంటీరు ఒకతె కాలేజీ అయ్యాక నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండులో బెంచీ మీద కూర్చునే క్లాసు తీసుకుంది. వెనక మైకులో బస్సుల ప్రకటన. అది ఏంటని పిల్లలు అడగడంతో ఆ పూట పాఠం బస్టాండే అయింది.

'అక్క', 'అన్న' అనే పిలుపుల్ని మార్చలేదు. మేడమ్ అనిపించండి, అలవాటవుతుంది అని ఒక టీచరు అన్నారు. కానీ అక్క అన్నప్పుడు గొంతులో ఉండే చనువు మేడమ్ అన్నప్పుడు లేదు, రికార్డింగులో స్పష్టంగా తెలుస్తుంది.

'నాకు' అనే గుమ్మం

తప్పులు అసలు దిద్దలేదని కాదు. మాట్లాడుతుండగా దిద్దలేదు, అంతే. వాలంటీర్లు వాటిని కాగితం మీద రాసి నాకు పంపేవారు. రెండు నెలల కాగితాలు పరచుకుని చూస్తే సగానికి సగం తప్పులు ఒక్క చోటే పుడుతున్నాయి. ఆ చోటు తెలుగు మాట 'నాకు'.

నాకు జ్వరం వచ్చింది: "మి ఫీవర్ కేమ్." నాకు ఇద్దరు అక్కలు: "మి టూ సిస్టర్స్." నాకు ఆకలేస్తోంది: "మి హంగ్రీ కమింగ్." నాకు ఈత వచ్చు: "మి స్విమ్మింగ్ కమ్స్." నాకు తెలియదు: "మి డోంట్ నో."

పిల్లలు పొరపాటు పడటం లేదు, తెలుగును నిజాయితీగా ఇంగ్లీషులోకి మోసుకెళ్తున్నారు. మన భాషలో జ్వరం, ఆకలి, భయం, తెలివిడి అన్నీ బయటి నుంచి మన దగ్గరికి వచ్చేవి. అవి వస్తాయి, మనం 'నాకు' అని పక్కన నిలబడతాం. ఇంగ్లీషులో మనిషి ముందుకు వచ్చి 'ఐ' అనాలి. నేను పాతికేళ్లుగా ఇంగ్లీష్ చెబుతున్నాను, ఈ ఒక్క తేడాను పిల్లలకు ఇంత విడమరిచి ఎప్పుడూ చెప్పలేదు.

ఒక చార్టు రాయించి వరండా గోడకు అంటించాం. పైన పెద్ద అక్షరాలతో 'నాకు'. కింద నాలుగు దారులు. దగ్గర ఉన్నదైతే, ఒంటికి వచ్చినదైతే ఐ హ్యావ్: ఐ హ్యావ్ టూ సిస్టర్స్, ఐ హ్యావ్ ఫీవర్. మనసుకో కడుపుకో అనిపించినదైతే ఐ యామ్: ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ అఫ్రెయిడ్. తెలుసు, కావాలి, ఇష్టం అయితే సూటిగా ఐ నో, ఐ వాంట్, ఐ లైక్. చేతనైన విద్య అయితే ఐ కెన్: ఐ కెన్ స్విమ్. ప్రతి క్లాసులో మొదటి ఐదు నిమిషాలు ఇదే ఆట. ఒకరు తెలుగులో 'నాకు' వాక్యం విసురుతారు, ఇంకొకరు ఏ దారో చెప్పి ఇంగ్లీషులో పట్టుకుంటారు. "నాకు లెక్కలు రావు" అని ఒకడు విసిరితే అందరూ కలిసి "ఐ కాంట్ డూ మాథ్స్" అని పట్టుకోవడం నేను అక్కడికి వెళ్లినప్పుడు నా కళ్లారా చూశాను.

ఉచ్చారణ జోలికి మాత్రం పోలేదు. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, అందుకే బుక్కు, బస్సు అంటాం. ఎగ్‌ను యెగ్గు అంటాం. దానివల్ల ఎదుటివాళ్లకు అర్థం కాకుండా పోయేదేమీ లేదు. పద్నాలుగేళ్ల పిల్లను యాసకు సిగ్గుపడేలా చేస్తే ఆ నోరు మళ్లీ తెరిపించడం చాలా కష్టం. దీని మీద నాతో విభేదించే లెక్చరర్లు మా కాలేజీలోనే ఉన్నారు. నేను మారలేదు.

పది లెక్కపెట్టడం

ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మించి ఆగరని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలోనే చూపించారు. ఫోన్‌లో మూడు సెకన్లు చాలవు. మాట అటు వెళ్లి ఇటు రావడానికే కాస్త పడుతుంది, ఆ పైన పిల్ల తెలుగులో అనుకోవాలి, ఇంగ్లీషులో పేర్చుకోవాలి, ధైర్యం తెచ్చుకోవాలి. అందుకని మనసులో పది దాకా లెక్కపెట్టమని వాలంటీర్లకు చెప్పాం. గడగడా మాట్లాడే మా బీకాం అబ్బాయికి ఇది అందరికంటే కష్టమైంది. చివరికి తన ఫోన్ మ్యూట్ చేసుకుని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నెల తర్వాత అతని గుంపు రికార్డింగులో పిల్లల గొంతులే ఎక్కువ.

మిరపచేలోంచి వాయిస్ మెసేజ్

ఫిబ్రవరి వచ్చేసరికి హాజరు పడిపోయింది. కొందరు పొగాకు పనిలో ఇంటి దగ్గర, కొందరు అమ్మానాన్నలతో కోతలకు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, ఎప్పుడూ వెనక కూర్చునేవాడు, పల్నాడు వైపు ఆరు వారాలు వెళ్లిపోయాడు. ఉదయగిరి అబ్బాయికి దొరికిన పని ఇక్కడే. బడి ఫోన్‌కు వాయిస్ మెసేజ్ పంపేలా వెళ్లిపోయిన పిల్లలకు సారు నేర్పారు. సారు విని మాకు పంపేవారు, ఉదయగిరి అబ్బాయి బదులు మెసేజ్ చెప్పి సారుకే పంపేవాడు.

ఆ పిల్లవాడి మొదటి మెసేజ్ 12 సెకన్లు. రెండు వారాలకు 40 సెకన్లు. "దిస్ ఈజ్ మిర్చి ఫీల్డ్. మై హ్యాండ్ ఈజ్ బర్నింగ్. నైట్ ఐ కాంట్ టచ్ మై ఐ." క్లాసులో ఏడు నెలలు నోరు తెరవని పిల్లవాడు. తిరిగి వచ్చాక ఎలా చేశావు నాన్నా అని అడిగాను. ఒక్కో మెసేజ్ పంపే ముందు ఏడెనిమిది సార్లు చెరిపి మళ్లీ చెప్పుకునేవాడట. ఏడెనిమిది సార్లు సాధన, చూసేవాళ్లు లేరు, నవ్వేవాళ్లు లేరు. బిడియం ఎక్కువున్న పిల్లలకు క్లాసు కంటే ఇదే మేలని నాకు ఆ రోజు తెలిసింది. రెండో ఏడాది వలస పోయిన వాళ్లతో పాటు అందరికీ వారానికి ఒక వాయిస్ మెసేజ్ పెట్టాం.

ఆరు వారాలు బడి పోయిన సంగతి మాత్రం అలాగే ఉంది. ఇంగ్లీష్ నిలబడింది, లెక్కల్లో వెనకబడ్డాడు. దానికి మా దగ్గర మందు లేదు.

ఫలితం

ప్రతి పిల్లతో ఏడాది మొదట్లో, చివర్లో రెండేసి నిమిషాలు మాట్లాడించి రికార్డు చేశాం. బట్టీ పట్టిన వాక్యాలు తీసేసి, సొంతంగా కట్టిన వాక్యాలే లెక్కపెట్టాం. మొదటిసారి 34 మందిలో 26 మందికి సొంత వాక్యం ఒక్కటీ లేదు, మై నేమ్ ఈజ్‌తో మొదలై మై ఎయిమ్ ఈజ్‌తో ముగిసింది. ఏడాది చివర ఐదుగురు తప్ప అందరూ కనీసం అరడజను వాక్యాలు సొంతంగా చెప్పారు. ఆ ఐదుగురిలో ఇద్దరు చాలా రోజులు రానివాళ్లు. మిగతా ముగ్గురి విషయంలో లోపం మాదే, వాళ్లకు తగ్గట్టు మేం మారలేకపోయాం.

రాత పరీక్షల్లో మార్కులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. హెడ్మాస్టర్ గారు అడిగారు, అదే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "పోన్లెండి మేడమ్, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సారును మా పిల్ల ఒకతె ఎదురు ప్రశ్న వేసింది, నేనే భయపడ్డా" అన్నారు. పీరియడ్ మాత్రం తీసేయలేదు.

మా వాలంటీర్ల సంగతి నిజానికి ఇంకో కథ. తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్లే ఎక్కువ కాలం నిలబడ్డారు. పిల్లలు ఎక్కడ ఆగుతారో వాళ్లకు ముందే తెలుసు, తామూ అక్కడే ఆగారు కాబట్టి.

2025 జూన్

సారుకు ఆ వేసవిలో బదిలీ అయింది. కొత్తగా వచ్చిన మేడమ్ నాకు ఫోన్ చేసి, ఇది కొనసాగిద్దామా అని అడిగారు. ఫోన్లలో రెండింటికి బ్యాటరీలు ఉబ్బిపోయాయి, కొత్తవి చూడాలి. 14 మందిలో ఆరుగురు డిగ్రీ అయిపోయి వెళ్లిపోయారు, కొత్తవాళ్లకు పది లెక్కపెట్టడం దగ్గర నుంచి నేర్పాలి.

బడి తెరిచిన వారంలో మేడమ్ పిల్లలందరికీ ఒక్కో చీటీ ఇచ్చారు. నీకు తెలిసి, నెల్లూరు అక్కలకు తెలియని సంగతి ఒకటి రాయి అన్నారు. చీటీలు ఫొటో తీసి పంపారు. బోరు ఎన్ని అడుగులకు పడుతుందో ముందే చెప్పే తాత. గొర్రెకు గాలికుంటు వస్తే ఏం చేస్తారు. వేలం కేంద్రంలో పొగాకు బేలు వెనక్కి పంపితే నాయన ఏం చేస్తాడు. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు మేం ఎక్కడ పడుకుంటాం.

ఒక చీటీ మాత్రం ఇంకా నా టేబుల్ మీదే ఉంది. ఏ వాలంటీరుకు ఇవ్వాలో తేల్చుకోలేదు. ఫ్లోరైడ్ నీళ్ల ఊరి నుంచి బడికి వచ్చే ఎనిమిదో తరగతి పిల్లది. పెన్సిల్‌తో, ఇంగ్లీషులోనే రాసింది: "ఐ నో వై మై అవ్వ నీస్ ఆర్ నాట్ బెండింగ్."